మొదటి ముద్ద లెక్క

రోజు 1

ఈ పుస్తకంలో మా కోడలు నూకరత్నం తిన్నది తప్ప మరేమీ రాయకూడదని నిశ్చయించుకుని మొదలుపెడుతున్నాను.

వైద్య నౌక ఈ ఉదయం ఆమెను మేం కాపురముంటున్న ఈ తేలే పంటు మీద దింపి వెళ్ళింది. నౌకలోని మరచేతులు నాలుగు గంటల పది నిమిషాలు పనిచేసి, కాలేయంలో కాన్సర్ గడ్డ ఉన్న భాగాన్ని తీసేశాయట. వంద పాళ్ళలో అరవై పోయింది. మిగిలింది పెరిగి మళ్ళీ నిండాలి. అది పెరగడానికి కావలసింది తిండి.

డాక్టర్ జుబేదా తక్కువ మాటల మనిషి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. రక్తంలోంచి పోషణ అంకె అని ఒకటి తీస్తారు. ఆపరేషన్‌కు ముందు రత్నానికి 47 ఉండేది. ఈ రోజు 41. నౌక పద్నాలుగు రోజులకోసారి వస్తుంది. మూడో రాకకు, అంటే నలభై రెండో రోజుకు, అంకె 43 చేరితే రెండో మందు ఎక్కిస్తారు. గడ్డ తిరిగి రాకుండా ఆపేది ఆ మందే. చేరకపోతే ఒళ్ళు తట్టుకోదు కాబట్టి ఎక్కించరు.

"ఎక్కించకపోతే?" అని అడిగాడు మా అబ్బాయి త్రినాథ్.

"ఇలాంటివాళ్ళు వందమందిలో ఐదేళ్ళకు ముప్ఫై ఎనిమిది మంది మిగులుతారు. ఎక్కిస్తే అరవై రెండు మంది" అంది ఆవిడ.

త్రినాథ్ తల తిప్పుకున్నాడు. నేను రెండు అంకెలూ రాసుకున్నాను.

రోజుకు ఆరు పూటలు: ఐదున్నర, ఎనిమిది, పదకొండు, రెండు, ఐదు, ఎనిమిది. పూటకు రెండువందల గ్రాములు. రోజు మొత్తం మీద డెబ్బై ఎనిమిది గ్రాముల మాంసకృత్తులు అందాలి. ముప్ఫై ఆరు చేప, గుడ్డు, పప్పులనుంచి వస్తాయి. మిగతా నలభై రెండూ నౌకవాళ్ళిచ్చిన పచ్చటి నాచు పొడినుంచి రావాలి. పూటకు ఒక చెంచా, అంటే ఏడు గ్రాముల మాంసకృత్తులు.

రోజు 3

పొడి చేదు. నేను నాలుక మీద వేసుకుని చూశాను. రాగి బిందె అడుగు నాకినట్టుంది.

రత్నం రెండు రోజులూ పొడిని అన్నమంతటా కలుపుకుని, సగం పళ్ళెం వదిలేసింది. మా తూకం పళ్ళెం అంచున అంకెలు కనబడతాయి. వడ్డించినది రెండువందలు, మిగిలినది నూటపది. ఈ రోజు పదకొండింటి పూటకు ఎదురుగా నిలబడి చెప్పాను.

"పొడంతా మొదటి ముద్దలోనే కలిపెయ్. చేదు ముందే పోతే మిగతాది నోటికి హితవుగా ఉంటుంది."

"ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ."

తిరిగి వచ్చి చూసేసరికి పళ్ళెం ఖాళీ. సున్నా గ్రాములు. చెప్పినమాట వినడంలో రత్నానికి సాటి లేదు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఒకసారి కూడా నాకు ఎదురు చెప్పలేదు.

రోజు 9

ఆరు పూటలూ ఖాళీ పళ్ళేలే. పొడి డబ్బా సరిగ్గా వారానికి అయిపోయింది. ఒక్క చెంచా తేడా లేదు.

మంచినీటి మర బిగుసుకుపోతే విప్పి ఉప్పు గీకాను. వెనక పంటు మీది వరి మడికి ఎండ తగిలేలా మోకులు వదులు చేసి పంటును పడమరకు తిప్పించాను. రత్నం లేస్తానంటే వద్దన్నాను. గోడకు ఆనుకుని బాతు గుడ్లు తుడిచింది. పదకొండు గుడ్లు తుడిచి ఆయాసపడింది.

పిడికిలి బలం కొలిచే పిడి ఒకటి నౌకవాళ్ళు ఇచ్చి వెళ్ళారు. వచ్చిన రోజు పద్దెనిమిది కిలోలు నొక్కింది. ఈ రోజు పదిహేడు. ఇంకోసారి నొక్కమన్నాను. మళ్ళీ పదిహేడే.

రోజు 14

నౌక వచ్చింది. అంకె 39.5.

డాక్టర్ నా పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసింది. "ఇంత శుభ్రంగా మా నౌకలో కూడా రాయరు. పద్ధతి మార్చకండి, ఒక్కోసారి ఆలస్యంగా అందుకుంటుంది" అంది. ఆవిడ మెచ్చుకున్నందుకు సంతోషించానని ఒప్పుకుంటున్నాను.

రోజు 21

త్రినాథ్ నారు పంటు మీది పనినుంచి రెండు రోజుల సెలవు మీద వచ్చాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య కూర్చుని అన్నం తిన్నాడు. మా ఇంట్లో పద్ధతులు మూడు. వేళకు కూర్చోవాలి. తింటూ మాట్లాడకూడదు. మొదటి ముద్ద ఎడమ పక్కనున్న ఆకు మీద పెట్టి, లేచాక నీళ్ళలో వదలాలి. ఇది నేను పెట్టిన ఆచారమే. కట్ట తెగి ఊళ్ళు మునిగిన రోజు పోయినవాళ్ళ కోసం పెట్టాను. తొమ్మిదేళ్ళుగా ఈ పంటుల మీద అందరూ పాటిస్తున్నారు. బయట రోజుకు ఒక పూట తీస్తారు. మా ఇంట్లో తిన్న ప్రతి పూటా తీస్తాం. మా మనవరాలు, రత్నం కూతురు హంస ఆ నీళ్ళలోనే పోయింది. దానికి అప్పుడు ఎనిమిదేళ్ళు.

"అమ్మా, నన్ను కూడా ఆ పళ్ళెంలో కూర్చోబెట్టి తూస్తావా?" అన్నాడు త్రినాథ్ చేయి కడుక్కుంటూ.

"నువ్వు కూర్చుంటే ఆ పళ్ళెం మళ్ళీ పనికిరాదు."

రత్నం నవ్వింది. నవ్వితే కుట్లు లాగాయని పొట్ట పట్టుకుంది. మణికట్టు మీది గాజులు మోచేతిదాకా జారాయి. త్రినాథ్ అది చూశాడు. నేనూ చూశాను.

రోజు 28

అంకె 37. పిడికిలి పద్నాలుగు కిలోలు.

డాక్టర్ జుబేదా నన్ను వరి మడి దగ్గరకు తీసుకువెళ్ళింది.

"అమ్మా, ఈ డెబ్బై ఎనిమిది గ్రాములు నిజంగా లోపలికి వెళ్తున్నాయా?"

"పుస్తకంలో ఉంది కదా."

"బయటికి పోయే దారిలో పోవడం లేదు, పరీక్ష చేశాను. లోపలికి వెళ్తూ కూడా అంకె దిగుతోందంటే కాలేయం దాన్ని వాడుకోవడం లేదని అర్థం. పెరగడం మానేసిందన్నమాట. అదే అయితే నేను చేయగలిగింది లేదు. వచ్చేసారి చూసి, ఇక సూదులు గుచ్చి బాధపెట్టడం మానేద్దాం." వరి మడి వైపు చూస్తూ అంది. "మీ లెక్క తప్పయితే బావుండును."

"నా లెక్క తప్పదు" అన్నాను.

ముప్ఫై ఒక్కేళ్ళు ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం చెప్పాను. ఆ బడి ఇప్పుడు మా పంటుకు తూర్పున నాలుగు బారల నీటి కింద ఉంది. అక్కడ పిల్లలు ఫలితం ముందే తెలుసుకుని, దానికి సరిపడా తూకాలు రాసుకొచ్చేవాళ్ళు. పుస్తకాలు విసిరికొట్టేదాన్ని. తూచింది రాయాలి, తూచనిది రాయకూడదు అని చెప్పేదాన్ని. అందుకే డాక్టర్‌కు అంత గట్టిగా చెప్పాను.

రత్నం మంచం మీద కూర్చుని ఉంది. "ఏవన్నారండి?" అని అడిగింది.

"పద్ధతి మార్చొద్దన్నారు" అని అబద్ధం చెప్పాను.

రోజు 31

పొద్దున తొమ్మిదింటికి పక్క పంటు బుల్లెమ్మ వల భుజాన వేసుకుని పోట్లాటకు వచ్చింది.

"ఏవండీ పంతులమ్మగారూ, మీకేవన్నా న్యాయంగా ఉందా? నెల్లాళ్ళనుంచి నా వలలో ఒక్క పాలచేప పడితే ఒట్టు. అన్నీ మీ పంటు కిందే కాపరం పెట్టాయి. ఒకటి పైకి తేలితే చూశాను, పందిపిల్లలా ఉందండి. ఏం మేపుతున్నారేంటి వాటిని?"

"చేపలను మేపడానికి మాకేం పట్టింది?"

"మరి మీ కోడలు పంటు గట్టు మీదకొచ్చి నిలబడగానే అంతలా మూగుతాయేంటి? ఆరుసార్లొస్తుంది, ఆరుసార్లూ పండగే. పచ్చగా ఏదో పడుతుంది, అవి కొట్టుకు చస్తాయి. నిన్న మా మనవడితో అన్నానండి, పంతులమ్మగారి చేపలకి చదువు కూడా వచ్చుంటుంది, వేళ తెలుసు వాటికి అని."

పచ్చగా అన్న మాట నా చెవుల్లో ఉండిపోయింది. తరవాత ఆవిడ ఏమందో వినలేదు.

పదకొండింటికి వడ్డించి, బయటికి వెళ్ళకుండా రత్నం ఎదురుగా కూర్చున్నాను. ఆమె అన్నంలో ఒక పక్కకు గుంట చేసి పొడి చెంచా వంచింది. పప్పు వేసి, నూనె చుక్క వేసి, మెత్తగా కలిపి ముద్ద చేసింది. ముద్దను రెండు వేళ్ళతో గుండ్రంగా ఒత్తి, ఎడమ పక్క ఆకు మీద పెట్టింది. మిగిలిన తెల్లటి అన్నం తినడం మొదలుపెట్టింది.

ఆకు తీసుకుని తూచాను. నలభై గ్రాములు. చెంచా పొడి మొత్తం అందులోనే ఉంది.

తింటున్నప్పుడు మాట్లాడకూడదన్న పద్ధతి నేనే తప్పాను.

"ఇదేమిటి రత్నం?"

"నీళ్ళ ముద్దండి."

"పొడి నీకిచ్చింది."

"పొడి మొదటి ముద్దలో కలపమన్నారు. మొదటి ముద్ద నీళ్ళకి తియ్యాలన్నారు. రెండూ మీరే కదండీ చెప్పింది."

"నన్ను అడగొద్దూ?"

ఆమె పళ్ళెంలోకి చూస్తూ అంది. "అడిగితే రెంట్లో ఒకటి మానెయ్యమంటారు. ఏది మానమంటారోనని అడగలేదండి."

రోజు 31, సాయంత్రం

పుస్తకం మొత్తం ఎర్ర పెన్సిలుతో దిద్దాను. నేను వడ్డించినది తూచాను. పళ్ళెంలో మిగిలినది తూచాను. తేడా అంతా రత్నం కడుపులోకి పోయిందని రాశాను. ఎడమ పక్క ఆకు నా కళ్ళముందే ఉంది. అది తొమ్మిదేళ్ళుగా ఉన్నదే కాబట్టి కనబడలేదు.

పూటకు నలభై గ్రాముల ముద్ద. ఆరు పూటలు. పొడిలోవి నలభై రెండు, పప్పూ చేపా వాటాలోవి ఏడు. రోజుకు నలభై తొమ్మిది గ్రాముల మాంసకృత్తులు నీళ్ళలోకి పోయాయి. ఆమెకు అందినవి ఇరవై తొమ్మిది. మూడో రోజు పదకొండింటి పూటనుంచి ఈ రోజు ఎనిమిదింటి పూట వరకు ఇరవై ఎనిమిది రోజులు. మొత్తం పదమూడు వందల డెబ్బై రెండు గ్రాములు.

కాలేయం పెరగడం మానలేదు. దానికి మేం పెట్టడం మానేశాం. ఇంకా పదకొండు రోజులుంది.

రోజు 33

ముద్ద తీయొద్దని చెప్పాను. రత్నం తలూపింది. పొడి ముద్ద నోట్లో పెట్టుకుంది. నిమిషం దాటినా మింగలేదు. చివరికి కిటికీ దగ్గరకు పోయి కక్కుకుంది. నిన్నా ఇవాళా ప్రతి పూటా ఇంతే. రెండు రోజుల్లో అందినవి ముప్ఫై ఒక్క గ్రాములు.

"గొంతు దిగట్లేదండి. పాపని పస్తుంచి నేను తింటున్నట్టుంది."

త్రినాథ్ కబురందగానే పరుగున వచ్చాడు. ఎర్ర పెన్సిలు గీతలు చూసి పుస్తకాన్ని నేలకు కొట్టాడు. వాడు నా ముందు గొంతెత్తడం ఇదే మొదటిసారి.

"నీ పద్ధతులు నువ్వూను. బిడ్డ పోయింది. ఇప్పుడు దీన్నీ పద్ధతి ప్రకారం పంపిద్దామా అమ్మా?"

"ఆవిణ్ణేమీ అనకండి" అంది రత్నం మంచం మీదినుంచి. "పాపకి పెట్టింది నేను. పొడి బలమన్నారు కదా, బలమైందే పెట్టాను."

త్రినాథ్ బయటికి పోయి నీళ్ళ మర దగ్గర కూర్చున్నాడు. పుస్తకం నేనే తీసుకుని తుడిచాను.

రోజు 34

ఎనిమిదింటి పూటకు రెండు పళ్ళేలు పెట్టాను. ఒకటి రత్నానికి, ఒకటి నాకు.

"ఒక విషయం నీకు చెప్పలేదు" అన్నాను. "కట్ట తెగిన పొద్దున హంస వంటింట్లోకి వచ్చింది. ఆకలేస్తోంది నాయనమ్మా, ముద్ద పెట్టు అంది. గడియారం చూశాను. ఏడూ నలభై ఎనిమిది. వేళ ఎనిమిది. ఇంకా పన్నెండు నిమిషాలుంది, పదమూడో ఎక్కం ఒప్పజెప్పు అన్నాను. సగం చెప్పింది. ఆ తరవాత నీళ్ళు వచ్చాయి. ఈ ముద్ద అందుకు పెట్టాను. ఊరందరి కోసమని చెప్పాను గాని, అందుకు."

రత్నం తలెత్తి నా వైపు చూసింది.

"నాకు తెలుసండి. గోడవతల బట్టలారేస్తున్నాను. విన్నాను."

నా పళ్ళెం పక్కకు జరిపాను.

"తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అనలేదేం?"

"అంటే మీరు అన్నం మానేస్తారు. ఇద్దరం మానేస్తే మీ అబ్బాయిని ఎవరు చూస్తారండి?"

ఆ తరవాత కొంతసేపు ఏం జరిగిందో ఈ పుస్తకంలో రాయను.

తెప్పరిల్లాక నా పళ్ళెంలో అన్నం కలిపాను. ముద్ద చేసి నా ఎడమ పక్క ఆకు మీద పెట్టాను. "హంస ముద్ద ఇకనుంచి నా పళ్ళెంలోంచి పోతుంది. ఆరు పూటలూ. నీ పళ్ళెంలోది నీదే" అన్నాను.

"మీరు తినేది మూడుసార్లే కదండీ."

"ఆరుసార్లు కూర్చుంటాను."

"దానికి నా చేతి ముద్ద అలవాటు అత్తయ్యగారూ."

"నాయనమ్మ చేతి ముద్ద అడిగింది ఆ రోజు. రాలేదు. ఇప్పుడు రానీ."

రత్నం ఆకు వైపు చూసింది. లేచి, నా కంటే ముందే పంటు గట్టు దగ్గరకు నడిచింది. నేను నీళ్ళలో వదులుతుంటే పక్కన నిలబడి చూసింది. తిరిగి వచ్చి పళ్ళెం ముందు కూర్చుంది. పచ్చటి ముద్దను నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మింగింది. నీళ్ళు తాగింది. రెండో ముద్ద కలిపింది.

పుస్తకంలో కొత్త గడి గీశాను: నీళ్ళకు, నా వాటాలోంచి, నలభై గ్రాములు.

రోజు 37

ఆరు పూటలూ నిలిచాయి. డెబ్బై ఎనిమిదికి డెబ్బై నాలుగు గ్రాములు. ఇవి నా కళ్ళతో చూసినవి.

బుల్లెమ్మ రెండు పాలచేపలు తెచ్చి గుమ్మం దగ్గర పడేసింది. మా పంటు కింద వల వేయడానికి నేనే ఒప్పుకున్నాను.

"మీరు మేపినవే కదా, మీరే తినండి. ఏవమ్మా రత్నం, నీ పొడంతా వీటి పొట్టలో ఉందంటగా. నవిలి నవిలి వెనక్కి లాక్కో."

రత్నం చేపను రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను. "పులుసు పెట్టండి అత్తయ్యగారూ, పల్చగా" అంది.

పదకొండింటికి తిన్నది: చేప అరవై గ్రాములు, మాంసకృత్తులు పన్నెండు. ఇందులో పోయినవి ఎన్ని తిరిగి వచ్చాయో లెక్క కట్టే దారి నాకు తెలియదు. అందుకని రాయడం లేదు.

రోజు 42

అంకె 40.5. కావలసింది 43.

మరచేతుల యంత్రం తెర మీద మందు ఎక్కించకూడదు అని రాసి చూపించింది. డాక్టర్ జుబేదా తెరను పక్కకు తిప్పి, నా పుస్తకం అడిగింది. ఎర్ర గీతలన్నీ వరుసగా చదివింది. ముప్ఫై నాలుగో రోజు పేజీ రెండుసార్లు చదివింది.

"నా లెక్క తప్పింది" అన్నాను. డెబ్బై ఒక్క ఏళ్ళలో ఈ మాట పైకి అనడం మొదటిసారి.

"తప్పిందని మీరే రాశారు కాబట్టి నమ్ముతున్నాను. ఎనిమిది రోజుల్లో పైకి లేచింది. దిగే అంకె కోసం నౌక ఆపడం కుదరదు. ఎక్కే అంకె కోసం ఇంకోసారి వస్తాను. యాభై ఆరో రోజు. అదే చివరి అవకాశం. గడ్డ తీసిన చోట ఆ తరవాత మందు వేసినా అంత పని చెయ్యదు."

రత్నం తన చేయి చాచి, "పిడి ఇవ్వండి" అంది. పదహారు కిలోలు నొక్కింది.

రోజు 50

డెబ్బై ఎనిమిదికి డెబ్బై ఎనిమిది. నీళ్ళకు, నా వాటాలోంచి, రెండువందల నలభై.

నా రవికె భుజాల దగ్గర వదులయిందని రత్నం కనిపెట్టింది. నేను అటు తిరిగి ఉన్నప్పుడు నా పళ్ళెంలో ఒక గుడ్డు వేసింది. తూకంలో యాభై గ్రాములు ఎక్కువ చూపించింది కాబట్టి దొరికిపోయింది.

"తూకం పళ్ళెం ముందు దొంగతనం చేస్తావా?"

"మీకు తెలియాలనే వేశానండి."

తిన్నాను. రాశాను.

రోజు 56

అంకె 43.2.

మధ్యాహ్నం రెండింటికి రెండో మందు ఎక్కించడం మొదలైంది. మూడు గంటలు పట్టింది. త్రినాథ్ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వందలో అరవై రెండు అన్నది హామీ కాదని డాక్టర్ మళ్ళీ చెప్పింది. మిగతా ముప్ఫై ఎనిమిది మందీ మనుషులే. నాకు తెలుసు. మందు వల్ల ఆకలి చచ్చిపోవచ్చని, వారం పది రోజులు ఆహారం చూస్తేనే వెగటు పుట్టవచ్చని కూడా చెప్పింది.

వేళకు పెట్టండి, బలవంతపెట్టకండి అని వెళ్ళిపోయింది.

రోజు 57

ఐదున్నర పూట రత్నం ముట్టుకోలేదు. అందినవి సున్నా. ఈ పుస్తకంలో అందినవాటి కింద అంతకు ముందు సున్నా లేదు.

ఎనిమిదింటి పూటకు అన్నం అప్పుడే వార్చాను. నేను చేప ముళ్ళు తీస్తున్నాను. వెనక అడుగుల చప్పుడైంది. రత్నం గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆకలేస్తోందండి అత్తయ్యగారూ."

గడియారం చూశాను. ఏడూ నలభై ఎనిమిది.

వడ్డించాను.